కథలో కదలని యువరాజు

రాజధాని, యువరాజ మందిరం
కొండల మీద ఆకులు ఎర్రబడే వేళ

అక్కా,

నీ కథ మొదటి రెండు భాగాలూ చేరాయి. సుజుక కనుమలో కుండపోతట, నీ మనిషి ఎముకల దాకా తడిసి వచ్చాడు. అతనికి వేడి గంజి పోయించి, పొడిబట్టలిప్పించి, అప్పుడు మూట విప్పాను. నూనెకాగితంలో చుట్టావు కాబట్టి బతికింది.

కథ బాగుంది. నీ సేనాని బాగున్నాడు, కొంచెం ఎక్కువే బాగున్నాడు. ఆ పిల్ల జుట్టు గురించి రాసినదాంట్లో సగం కొట్టేసినా ఎవరూ గొడవ చెయ్యరు. కానీ ఒక్క ఫిర్యాదుంది. నీ కథలోనూ ఒక యువరాజున్నాడు చూశావూ, అతనేం పాపం చేశాడు? పిల్ల తండ్రేమో "మా అమ్మాయిని యువరాజుకిస్తా" అంటాడు. సేనానేమో "అయ్యో, యువరాజుకిచ్చేస్తున్నారే" అని చేతులు నలుపుకుంటాడు. పిల్ల దిండు తడుపుకుంటుంది. ఇంతమంది అతని పేరే జపిస్తుంటే అతను మాత్రం ఎక్కడో తెర వెనక కూర్చునే ఉంటాడు. ఆ పిల్ల అతనికి నచ్చిందో లేదో ఒక్కరూ అడగరు. ఇక్కడ మన ఆడవాళ్లు చేతులు మార్చుకుంటూ చదివే కథలన్నిట్లోనూ ఇదే తంతు. కాబోయే రాజు ఉంటాడు, కథ మాత్రం ఇంకొకడిది. గోడలకైనా చెవులుంటాయంటారు. ఈ యువరాజుకి అవీ ఉండవు.

అతనిచేత ఒక్క పని చేయించక్కా. ఏదైనా సరే.

ఇక్కడంతా కులాసా. చేమంతి పండక్కి మందిరం కిటకిటలాడిపోయింది. కవులు, వాయిద్యాలు, గిన్నెలు గిన్నెలు సారా. పెద్దమంత్రి గారు తన రెండో అమ్మాయిని ఏడాది చివర్లో నా మందిరానికి పంపుతారట. అమ్మ మూడో వీధి ఇంట్లోనే ఉంది, బాగానే ఉంది. మొన్న వెళ్తే నీ చిన్నప్పటి ముచ్చట్లు చెప్పి తనూ ఏడ్చింది, నన్నూ ఏడిపించింది.

నీ తమ్ముడు
నరియసు

*

ఇసే, పూజారిణి నివాసం
తొలిమంచుకి ముందు

నరియసూ,

నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం నాకు కనపడలేదు. మా పెద్ద పరిచారిక ముందుగా చదివి, నోరు నొక్కుకుని, దాని మీద సిరా పూసి మరీ ఇచ్చింది. ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? ఇది సూర్యదేవత గడప. కళ్లనీళ్లొస్తే ఇక్కడ "ఉప్పు కారింది" అనాలి. ఒంట్లో బాగోకపోతే "విశ్రాంతి" అనాలి. మనిషి మనల్ని విడిచి వెళ్తే "నయమైపోయింది" అనాలి. వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు కలలో కూడా ఆ మాటలే వస్తున్నాయి.

నాన్నగారికి నయమైపోయి ఏడేళ్లు. ఆ ఏడే కదా బాబాయి సింహాసనమెక్కి, నిన్ను తన తర్వాతివాడిగా అక్కడ కూర్చోబెట్టాడు, తాబేటి చిప్ప కాల్చి శకునం చూసి నన్నిక్కడికి పంపాడు. వెళ్లే రోజున బాబాయి నా జుట్టులో దువ్వెన గుచ్చి, "ఇక రాజధాని వైపు తిరగకమ్మా" అన్నాడు. నువ్వు స్తంభం పక్కన నిలబడ్డావని తెలుసు. తిరిగి చూడకూడదు కాబట్టి చూడలేదు. అప్పుడు నువ్వు ఆ స్తంభానికి సగం కూడా లేవు. ఇప్పుడెంత పొడుగయ్యావు?

కథ సంగతి. నువ్వడిగావని యువరాజుని ఒక సాయంత్రం నది ఒడ్డుకి పంపాను, వెన్నెల చూడ్డానికి. చదివి వినిపిస్తే నా చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. "అమ్మగారూ, యువరాజు గడప దాటాలంటే ముహూర్తం చూడాలి, దిక్కు చూడాలి, పరివారం బట్టలు కట్టుకోవాలి. ఆలోగా చంద్రుడు అస్తమిస్తాడు" అన్నారు. కొట్టేశాను. అతను కదిలితే కథ నమ్మేలా ఉండదట. నువ్వే చెప్పు, పొద్దున లేస్తే ఏం చేస్తావు నువ్వు?

ఇక్కడ ఇంటినిండా జనమే. కానీ అయకో అని పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. ఏడాదికి మూడుసార్లు గుడికి వెళ్తాను, మిగతా రోజులు సముద్రపు గాలి వింటాను. బాబాయి దిగి నువ్వెక్కిన రోజున కొత్త పూజారిణి వస్తుంది, నేను ఇంటికొస్తాను. అందుకే ప్రతి ఉత్తరంలోనూ నువ్వెలా ఉన్నావని అంత గుచ్చి గుచ్చి అడుగుతాను. స్వార్థమనుకో.

అమ్మకి ఎండబెట్టిన గుల్లమాంసం పంపుతున్నాను. మెత్తగా ఉడికించమని చెప్పు.

అయకో

*

రాజధాని
ఏడాది చివర

అక్కా,

మంత్రి గారమ్మాయి రాక వాయిదా పడింది. వాళ్లింటి నుంచి మా మందిరం ఉన్న దిక్కు ఈ ఏడు మంచిది కాదట. వచ్చే ఏడు చూద్దామన్నారు.

ఏం చేస్తావని అడిగావు. కూర్చుంటాను. పొద్దున తూర్పు వైపు తిరిగి కూర్చుంటాను. సాయంత్రం దీపం ఎటు పెడితే అటు తిరిగి కూర్చుంటాను. కథకి పనికొస్తే వాడుకో.

అమ్మ కొంచెం విశ్రాంతిగా ఉంది. కొంచెమే. నువ్వు కంగారు పడకు. గుల్లమాంసం మాత్రం ఇష్టంగా తింది.

నరియసు

*

ఇసే
కొత్త సంవత్సరం, రెండో నెల

నరియసూ,

నీకు అబద్ధాలాడటం ఎవరు నేర్పారు?

గుడికి కానుకలు తెచ్చిన రాజదూత నిన్న నా తెర ముందు కూర్చుని అన్నీ చెప్పేశాడు. నాకు తెలుసనుకున్నాడు పాపం. చేమంతి పండక్కి నీ మందిరానికి వచ్చింది ఇద్దరే ముసలి కవులట. అందులో ఒకాయన దారి తప్పి వచ్చాడట. నీ దగ్గర పనిచేసే అధికారులు జబ్బు... కాదు, విశ్రాంతి వంక పెట్టి ఒక్కొక్కరే జారుకుంటున్నారట. చలికాలం బొగ్గు కూడా అడిగి తెప్పించుకుంటున్నావట.

ఇక ఆ కత్తి! యువరాజు పీఠమెక్కిన ప్రతివాడికీ తరతరాలుగా ఇచ్చే కత్తి. నాన్న నడుముకి చూశాం మనం. అది నీకు ఇంతవరకూ ఇవ్వనేలేదట కదా. పెద్దమంత్రి "పదును పెట్టిస్తున్నాం" అంటున్నాడట. ఏడేళ్లు పదును పెడితే అది ఈపాటికి సూదయ్యుంటుంది! ఆయన పెద్దకూతుర్ని బాబాయికిచ్చారు, దాని కొడుకు నాలుగేళ్లవాడు ఉన్నాడు. ఆ పిల్లవాడి కోసం నీ చోటు ఖాళీ చేయించాలని చూస్తున్నారని దూతకే కాదు, వాడి గుర్రానికి కూడా తెలుసు. నాకే తెలీదు.

నన్ను బాధపెట్టకూడదనుకున్నావు. అదే కదా? ఇంత దూరంలో నీ ఉత్తరాలు తప్ప నాకేం లేవు. అవీ కల్పించి రాస్తే, నేనిన్నాళ్లూ ఎవరితో మాట్లాడుతున్నట్టు?

గట్టిగా కూర్చో. దిగకు.

అక్క

*

రాజధాని
తొలిపూల కాలం

అక్కా,

అన్నీ నిజమే. ఆ దారి తప్పినాయన కూడా నిజమే. ఎవరింటికో వెళ్లాల్సినవాడు, తప్పు తెలిశాక కూడా లేచిపోలేదు. చివరిదాకా కూర్చుని నాలుగు పద్యాలు చదివి వెళ్లాడు. ఆయన్ని ఇప్పుడు ఏమీ అనకు.

నిన్న పెద్దమంత్రి వచ్చాడు. ఏడేళ్లలో నా గడప తొక్కడం ఇదే మొదలు.

"బాబూ, ముఖం అలా వాడిపోయిందేమిటి?" అన్నాడు, మేనమామలాగా. "ఈ బరువు మీకెందుకు? దిగుతానని ఒక్క మాటనండి. సింహాసనం దిగిన చక్రవర్తికి చేసే మర్యాదలన్నీ మీకు చేయిస్తాను. కమో నది ఒడ్డున ఇల్లు. మా రెండో అమ్మాయి. ఇంకేం కావాలన్నా అడగండి."

"దిగకపోతే?" అన్నాను.

"దిగకపోతే ఏముంది బాబూ? కూర్చోండి." నవ్వాడు. "మీ బాబాయిగారికి నలభై నిండలేదు. ఉక్కుముక్కలా ఉన్నారు. మీరు కూర్చోండి."

ఆ మాట అన్నప్పటి నుంచీ నాకు ఒళ్లంతా చలిగా ఉంది.

ఇంకొకటి దాచలేను. అమ్మకి విశ్రాంతి బాగా ఎక్కువైంది. లేచి కూర్చోలేకపోతోంది. దాది లోపలికి వస్తే నువ్వనుకుని, "అయకో, ఆ తలుపు వెయ్యమ్మా, చలి" అంటోంది. నిన్న సాయంత్రమంతా నీ పేరే. ఆ ఇంకో మాట నీకు రాయాల్సిన అవసరం రాకూడదని దండం పెట్టుకుంటున్నాను.

మంత్రికి జవాబు చెప్పడానికి గడువడిగాను.

నరియసు

*

ఇసే
అదే నెల

నరియసూ,

ఒక్కసారి అమ్మని చూసి రావచ్చా అని ఇక్కడి గుడి పెద్దనడిగాను. ఆయన నేల మీద నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. పూజారిణి కదలాలంటే బాబాయి సింహాసనం దిగాలి. లేదా అమ్మకి నయమైపోవాలి. నేను ఇంటికి రావాలని కోరుకుంటే దేన్ని కోరుకుంటున్నట్టో చూశావా? అందుకని కోరుకోవడమే మానేశాను. నది దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. చాలాసేపు ఉప్పు కారింది.

నువ్వు మాత్రం దిగకు. ఇది నా కోసం చెప్పడం లేదు. మన ఇంటికి వచ్చిన రోజు నుంచీ అమ్మ ఆ ఒక్క దాని కోసమే బతికింది. రాజుకి తల్లి అవ్వాలని. నాన్న పక్కన ఎంతమంది ఉన్నా, వాళ్లు ఎంత మాటన్నా, నీ ఊయల వైపు చూసి నోరు మూసుకునేది. నాకు తెలుసు, నేనా ఊయల ఊపేదాన్ని. ఇప్పుడు మంచం మీద ఉన్న మనిషికి ఆ మాట వినిపించకు.

చలిగా ఉంటే ఇంకో దుప్పటి కప్పుకో. బొగ్గు పంపనా?

అక్క

*

రాజధాని
తొలిపూలు రాలుతున్నాయి

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి జవాబు చెప్పేశాను.

నీకు ఆజ్ఞ వస్తుంది. శకునం బాగాలేదు, పూజారిణిని మార్చాలని చిప్పలో కనపడింది అని ఉంటుందందులో. ఎవరినీ ఏమీ అడక్కు. సామాను కోసం ఆగకు. ఎన్ని ఎడ్లు దొరికితే అన్ని కట్టించుకుని బయల్దేరు.

అమ్మ ఉంది. తొందరగా రా.

నరియసు

*

రాజధాని, మూడో వీధి ఇల్లు
వేసవి మొదట్లో

నరియసూ,

ఇప్పుడు నేను ఏ మాటైనా రాయొచ్చు. అమ్మ చనిపోయింది. నేను ఏడుస్తున్నాను. రాసి చూసుకుంటే వింతగా ఉంది, ఏడేళ్ల తర్వాత సొంత బట్టలు కట్టుకున్నట్టు.

కర్మలన్నీ అయిపోయాయి. జనం మధ్య నిన్ను అడగలేకపోయాను. నువ్వూ నా కళ్లలోకి చూడలేదు. అందుకని పక్క వీధుల్లోనే ఉంటూ మళ్లీ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పీఠం దిగావని దారిలో విన్నాను. భయపెట్టి దింపేశారనుకున్నాను. బండి దిగి తిన్నగా అమ్మ దగ్గరికి పోయాను. దాది, "అమ్మా, అయకో గారొచ్చారు" అంది. అమ్మ నా ముఖం చాలాసేపు చూసింది. గుర్తుపట్టలేదేమో అనుకుని దగ్గరికి జరిగాను.

"నువ్వెందుకొచ్చావు?" అంది.



"మీ బాబాయి దిగలేదు. నేనింకా చావలేదు. మరి నిన్నెవరు రానిచ్చారు?" కళ్లు మూసుకుని ఏదో లెక్క వేసుకున్నట్టు ఉండిపోయింది. తర్వాత అంది, "దిగిపోయాడా వాడు? నీ కోసం దిగిపోయాడా?"

గోడ వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఎవరూ ఆ కబురు ఆమెకి చెప్పలేదు. నన్ను చూసి ఆమే తెలుసుకుంది. నేనూ అప్పుడే తెలుసుకున్నాను.

ఆ తర్వాత నిన్ను లోపలికి రానివ్వలేదు. నువ్వు రోజూ వచ్చి తెర బయట వసారాలో కూర్చున్నావు. నా చెయ్యి మాత్రం పట్టుకునే పడుకుంది. నా జుట్టు పట్టుకుని "ఎంత పెరిగిందే" అనేది. అలా నన్ను ముద్దు చేసినప్పుడల్లా నాకు వసారా వైపు చూడ్డానికి భయమేసేది.

నిన్నెవరడిగారు? నీకు నేను రాసిన ఆఖరి మాట దిగకు అని. నువ్వు ఏం చేశావో అది కథలో రాద్దామని మొన్న కూర్చున్నాను. దాదికి చదివి వినిపిస్తే, "ఏ యువరాజమ్మా అలా చేసేది? ఎవరూ నమ్మరు" అంది. నా యువరాజు ఇంకా తెర వెనకే ఉన్నాడు, ఇక అక్కడే ఉంటాడు. నువ్వు మాత్రం లేచి రాజ్యాన్ని ఇచ్చేసి నన్ను తెచ్చుకున్నావు. దేశమంత ఖరీదు పెట్టి కొన్న అక్కగా ఈ గదుల్లో తిరుగుతున్నాను. ఇంత బరువు నేనెలా మొయ్యను, చెప్పు?

అయకో

*

కమో నది ఒడ్డు
వానాకాలం

అక్కా,

మొయ్యకు. అంత బరువేం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మంత్రి రెండోసారి వచ్చి, "మా అమ్మాయికి ముహూర్తం పెట్టిద్దామా?" అన్నాడు.

"అమ్మాయి వద్దండీ. మా అక్కని తెప్పించండి. మా అమ్మ ఉండగా."

ఆయన విననట్టు చూశాడు. "పూజారిణినా? ... ఇంకా?"

"ఇంకేం లేదు."

"అంతేనా బాబూ?" అన్నాడు. ఆయన ముఖం మీద అప్పుడు నిజంగానే జాలి కనపడింది. చవగ్గా ఇచ్చేశానని కాబోలు. ఇన్నేళ్లూ నా పేరు చెప్పి ఎవరెవరో ఏవేవో ఇచ్చి పుచ్చుకున్నారు. నాకు ఏం కావాలో నేనడగడం అదే మొదటిసారి. అడిగాక ఆయన ముందే లేచి, వసారాలోకి వెళ్లి, చెప్పులు కూడా వేసుకోకుండా తోటలో తిరిగాను. మట్టి తడిగా ఉంది. అక్కా, నాకు హాయిగా ఉంది. అదీ నేను నీకు చెప్పుకోలేకపోయింది. నీ కోసమని అందరూ అనుకుంటున్నారు. సగం నా కోసమే దిగాను.

కొత్త యువరాజు పట్టాభిషేకానికి నన్నూ పిలిచారు. వెళ్లాను. ఆ కత్తి తెచ్చి పిల్లవాడి ఒళ్లో పెట్టారు. వాడికంటే అదే పొడుగుంది. పాపం, బరువుకి వాడి కాళ్లు తిమ్మిరెక్కినట్టున్నాయి, కదలొచ్చా అన్నట్టు అందరి ముఖాలూ చూశాడు. ఒక్కరూ వాడి వైపు చూడలేదు. అందరూ మంత్రి వైపు చూస్తున్నారు. వాడి మీద కోపం తెచ్చుకుందామని వెళ్లినవాణ్ణి, కళ్లు తుడుచుకుంటూ వచ్చాను. బాబాయి కొడుకంటే మనకీ తమ్ముడేగా.

ఇక్కడికి ఎవరూ రారు. మర్యాదలన్నీ కాగితం మీద ఉన్నాయి. నది నిండుగా పారుతోంది, రోజంతా అదే చప్పుడు. దాని కంటే అమ్మ గోడ వైపు తిరిగిన చప్పుడే ఎక్కువ వినపడుతుంది. తెర అవతల నుంచి విన్నాను, పక్కబట్టల గరగర. ఆ ఇంటి గడప ఎక్కాలంటే కాళ్లాడటం లేదు. నువ్వు పిలిచినా రాలేను, కోపం తెచ్చుకోకు.

నరియసు

*

మూడో వీధి ఇల్లు
వాన వెలిసింది

తమ్ముడూ,

నిన్న మా వీధిలో ఒక బండి ఆగింది. దాది చూరు కింద నుంచి తొంగి చూసి, "బాబుగారి ఎద్దే, కుడికొమ్ము వంకర" అంది. నేను తెర ఎత్తించి, చాప వేయించి, కూర్చున్నాను. కాసేపటికి చక్రాలు మళ్లీ కదిలాయి. ఇసేలో ఉన్నన్నాళ్లూ మనిద్దరి మధ్య ఉన్నవి కొండలే అనుకున్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. చెబితే నీ గుండె ఇంకా కాలుతుందని మింగేశాను. నీ ఉత్తరం చదివాక, దాచిపెట్టే నిన్ను కాలుస్తున్నానని తెలిసింది.

అమ్మ పోయిన రోజు తెల్లారాక నువ్వు బట్టలు మార్చుకు వస్తానని ఇంటికెళ్లావు. నువ్వు వెళ్లిన కాసేపటికి అమ్మ కళ్లు తెరిచింది. వసారా వైపు చూసింది. "వాడింకా బయటే ఉన్నాడా?" అంది. ఉన్నాడమ్మా అన్నాను, నువ్వు వెళ్లావని చెప్పబుద్ధి కాలేదు. "మంచు పడుతోంది. లోపలికి రమ్మను. నా పక్కన కూర్చోమను" అంది. నేను మనిషిని పరిగెత్తించాను. అమ్మ తెర వైపే చూస్తూ ఉంది. నువ్వు వచ్చేసరికి అయిపోయింది. నువ్వు వచ్చి, ఎవరూ ఏమీ చెప్పకుండానే, మళ్లీ వసారాలో నీ చోటులోనే కూర్చున్నావు. ఆ కూర్చోవడం చూశాక నీకు చెప్పలేకపోయాను.

నిన్ను పిలిచింది, నరియసూ. గోడ వైపు కాదు, నీ వైపు తిరిగి పోయింది.

ఇది రాసి పంపి ఇక్కడ ఒక్కదాన్నే ఉండలేను. బండి కట్టమన్నాను. "పిలవని ఇంటికి రాజు బిడ్డ వెళ్తుందా?" అని సణుగుతూనే దాది నా పక్కబట్టలు మూట కడుతోంది, నాలుగు రోజులకి సరిపడా. ఎద్దు నడక నీకు తెలిసిందే, ఉత్తరం తెచ్చేవాడు నా కంటే ముందే వస్తాడు. చదివాక తలుపు తీయించు. వద్దు, నౌకర్లకి చెప్పకు. నువ్వే వచ్చి తియ్యి.

అక్క